ఎనిమిది నిమిషాలు

వేదిక మీద కూర్చున్నవారి క్రమం ఇది. సభికుల ఎడమచేతి వైపు మొదట, వెల్డన్ కాలేజీ అధ్యక్షురాలు డాక్టర్ కరిన్ లిండ్‌క్విస్ట్. ఆమె పక్కన, ఆనాటి సన్మానం అందుకోబోతున్న హోలిస్ స్ట్రాబ్, ఇరవై తొమ్మిదేళ్ళు ఆ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు ప్రధాన కోచ్. ఆయన పక్కన ఆయన భార్య మార్వీన్. ఆమె పక్కన, ఒకప్పుడు స్ట్రాబ్ దగ్గర సహాయ కోచ్‌గా పనిచేసి, ఆ తరువాత ఇరవై నాలుగేళ్ళు హైస్కూల్లో రేఖాగణితం బోధించి పదవీ విరమణ చేసిన ఎమెట్ వోగెల్. చివరన, వస్తానని చెప్పి రాని సెనేటరు గారి ఖాళీ కుర్చీ. కింద పన్నెండు బల్లలు. వంటగది తలుపుకు దగ్గరగా ఉన్న తొమ్మిదో బల్ల వద్ద, గోడకు వీపు ఆనించి, క్లీవన్ ప్రూయిట్. వీరందరికీ ఎదురుగా, కొత్తగా రంగు వేసిన గోడ మీద, పాత జట్టు గదిలోంచి తెచ్చి తగిలించిన గుండ్రటి గడియారం. హాజరైనవారి పట్టికలో దానికి చోటు లేదు గాని, ఎమెట్ వోగెల్ లెక్కలో అన్నిటికంటే ముందు వచ్చింది అదే.

గోడ గడియారంలో పన్నెండూ పది. ఎమెట్ తన మణికట్టు చూసుకున్నాడు. సరిగ్గా పన్నెండు. అంటే దాన్ని ఇప్పటికీ పది నిమిషాలు ముందుకే నడుపుతున్నారు, సంప్రదాయం కదా, సంప్రదాయానికి రంగు వేసి, అద్దం తుడిచి, కింద ఇత్తడి పలక బిగించారు, పలక మీద రెండే మాటలు, ఎనిమిది నిమిషాలు, అవే రెండు మాటలు ఆయన ఒళ్ళో పరిచిన కాగితపు నేప్‌కిన్ మీద కూడా నీలి రంగులో అచ్చయి ఉన్నాయి, ముప్ఫై మూడేళ్ళు ఏవి తన గొంతులో ముల్లయి నిలిచాయో వాటితోనే ఇవాళ మూతి తుడుచుకోవాలి. ఆయన నేప్‌కిన్‌ను నాలుగు మడతలు పెట్టి, అక్షరాలు లోపలికి పోయేలా, ప్లేటు కింద దాచాడు. కోటు లోపలి జేబులో అట్టముక్క ఉంది. దాని మీద ఆయన చేతిరాతలో పదకొండు వాక్యాలున్నాయి. చివరి వక్త తానే. గోడ గడియారం ప్రకారం ఒంటిగంటకు లేచి, మూడు నిమిషాలు మాట్లాడాలి. మైదానానికి హోలిస్ స్ట్రాబ్ పేరు నిలిపే పలక మీది ముసుగు తీసేది ఆ తరువాతే. పదకొండు వాక్యాలు చాలు. సరిగ్గా కడితే ఒక సిద్ధాంతాన్ని నిరూపించడానికి అంతకంటే ఎక్కువ అక్కరలేదని ఆయన వేలమంది పిల్లలకు చెప్పాడు.

"ఎమెట్, నువ్వింకా బఠాణీలను బారులు తీరుస్తూనే ఉన్నావా?" అంది మార్వీన్, వంగి ఆయన ప్లేటులోకి చూస్తూ. "తిను బాబూ. అవి నీ మాట వినవు. ఆ రోజుల్లో కుర్రాళ్ళే వినలేదు."

నిజమే, చేతిలోని ఫోర్కు దానంతట అదే పని చేస్తోంది. ఆట మొదట్లో జట్టు నిలబడే క్రమంలోనే, ముందు వరసలో ఏడు గింజలు, వెనక మూడు, వాటన్నిటి వెనక విడిగా ఒకటి. ఆ ఒక్కటీ ఎప్పుడూ క్లీవనే. అప్పుడు ఇరవయ్యేళ్ళవాడు, సన్నటివాడు, చంకలో బంతి ఇరికించుకుని ఎడమ భుజం కాస్త దించి పరిగెత్తేవాడు. ఎదురొచ్చినవాడికి క్షమాపణ చెప్పబోతున్నట్లు అర అడుగు ఆగేవాడు, ఆ అర అడుగులోనే మాయమయ్యేవాడు, ఎదురొచ్చినవాడు గాలిని కౌగలించుకుని నేల మీద పడేవాడు. ఆ అర అడుగు ఎవరూ నేర్పింది కాదు. అర్కాన్సాలో వాళ్ళమ్మ వంటింట్లో కూర్చుని, వేయించిన చేప తింటూ, మీ అబ్బాయిని నాతో పంపండి అని ఎమెట్ అడిగినప్పుడు ఆవిడ, పరుగు సంగతి మీరు చూసుకోండి, పద్ధతి సంగతి నేను చూసుకున్నాను అంది. ఆ మాటను ఆ రోజు ఎమెట్ మర్యాద కోసం విన్నాడు. ఇవాళ అది ఎందుకో మళ్ళీ వినిపించింది.

"ఎమెట్!" భార్య భుజం మీదుగా స్ట్రాబ్ ముఖం ముందుకు వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ ముఖం, ఇంకా ఎర్రగా, ఇంకా ఆజ్ఞాపిస్తూ. "మూడు నిమిషాలే సుమా. నా గడియారం ప్రకారం."

"నీ గడియారం సంగతి నాకు బాగా తెలుసు, హోలిస్."

"తెలియకేం! నువ్వు పాఠం మొదలెడితే గంట కొట్టాల్సిందేనట కదా, బళ్ళో పిల్లలు చెప్పేవాళ్ళు." మార్వీన్ నవ్వింది. అధ్యక్షురాలు కూడా, ఎందుకో తెలియకపోయినా, నవ్వింది.

నవ్వండి. ఎమెట్ బంగాళాదుంప ముక్కను రెండు సమభాగాలుగా కోశాడు. నవ్వుకు యాభై నిమిషాల గడువుంది. పగలో ఒక క్రమశిక్షణ ఉందని, దాన్ని ఎప్పుడు పడితే అప్పుడు వాడితే మొద్దుబారుతుందని, ఆయన చాలా ఏళ్ళ క్రితమే గ్రహించాడు. అందుకే ఎన్ని విందులు, ఎన్ని సన్మానాలు, ఎన్ని అంత్యక్రియలు వచ్చినా నోరు విప్పక, పెదవి కదపక, కోచ్‌ల మహాసభల్లో స్ట్రాబ్ చేసే ప్రసంగం గురించి పేపర్లో పడ్డ ప్రతి ముక్కనూ కత్తిరించి ఒక పెట్టెలో దాచాడు. ప్రసంగం ఎప్పుడూ ఒకటే. మిత్రులారా, మా ఊళ్ళో నాకొక రన్నర్ ఉండేవాడు, దేశంలో అలాంటివాడు లేడు. చాంపియన్‌షిప్‌కు ఆరు రోజుల ముందు ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ఎనిమిదే. వాణ్ణి ఇంటికి పంపాను. శనివారం ఓడిపోయాను. మరుసటి ఏడు పదకొండు ఆటలూ గెలిచాను. ఎందుకు? ప్రతిభను దేవుడిస్తాడు, నడవడిని మనం కడతాం. అక్కడ చప్పట్లు. ఆ చప్పట్ల మీద ఒక మనిషి పేరు కట్టాడు, ఇల్లు కట్టాడు, ఇవాళ మైదానానికే పేరవుతున్నాడు. ఆ రన్నర్ పేరు మాత్రం ప్రసంగంలో ఎప్పుడూ రాలేదు.

గోడ మీద పన్నెండూ ఇరవై అయిదు. ముల్లు కదిలేటప్పుడు పాత చప్పుడే చేస్తోంది, పంటి కింద గింజ పగిలినట్లు. స్ట్రాబ్ జట్టు గదిలో కాలం లోకం కంటే పది నిమిషాలు ముందు నడిచేది. ఆటగాళ్ళు చేతి గడియారాలు విప్పి, తలుపు దగ్గరున్న చుట్టల పెట్టెలో వేసి లోపలికి రావాలి. ఆ గదిలో ఒకటే కాలం ఉండాలి, అది గోడ మీదే ఉండాలి. కోచ్‌లు మాత్రం గడియారం పెట్టుకోవచ్చు, అయితే దాన్నీ పది నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. మూడుసార్లు ఆలస్యమైనవాడు జట్టులో ఉండడు. క్లీవన్ అప్పటికి రెండుసార్లు ఆలస్యమయ్యాడు, ఒకసారి మంచు వల్ల, ఒకసారి పాల లారీ ఆగిపోయి. తెల్లవారుజామున డెయిరీ లారీ మీద పని చేసి కాలేజీ వంటశాలకు పాలు దించేవాడు. మిగతావాళ్ళంతా పక్కనే హాస్టల్లో పడుకుని, తీపి బన్నుల కోసం అరగంట ముందే వచ్చి కూర్చునేవాళ్ళు. ఆ గదికి నిమిషాలు లెక్క చూసుకుంటూ పరిగెత్తి వచ్చేవాడు అతనొక్కడే.

అది అక్టోబరులో చివరి ఆదివారం, ఏటా చలికాలం ముందు దేశమంతా గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుకునే రోజు. జట్టు గది గడియారం దిద్దే పని ఎవరికి అప్పగిస్తారు? ఖచ్చితమైనవాడికి. ఆరున్నరకు ఎమెట్ స్టూలెక్కి, గడియారం దించి, బ్యాటరీ మార్చి, ముళ్ళు కొత్తగా పెట్టాడు. తన చేతి గడియారం చూసి, అలవాటు చొప్పున దానికి పది నిమిషాలు కలిపి పెట్టాడు. చేతి గడియారం అప్పటికే పది నిమిషాలు ముందున్నదన్న సంగతి మరిచాడు. జీవితమంతా ఒక్క బిందువు కూడా పక్కకు పెట్టని మనిషి, పది మీద పది పెట్టాడు. ఆ గదిలో పనిచేసినవాడు తప్ప భూమి మీద ఇంకెవడూ చేయలేని తప్పు అది.

ఎనిమిదింటికి సమావేశం. స్ట్రాబ్ గోడ చూసి తలుపు మూశాడు. దీపాలార్పి, నిన్నటి ఆట ఫిల్ము మొదలుపెట్టారు. తలుపు మీద తట్టిన చప్పుడు. క్లీవన్ నిలబడ్డాడు, చేతుల మీద పాల వాసన, పెట్టెలో గడియారం వేస్తూ. గోడ మీద ఎనిమిదీ ఎనిమిది. స్ట్రాబ్ ప్రొజెక్టరు వెలుగులో తన మణికట్టు చూసుకున్నాడు. ఎమెట్ కూడా తనది చూసుకున్నాడు. ఏడూ యాభై ఎనిమిది. ఇద్దరి చేతుల మీదా ఏడూ యాభై ఎనిమిదే ఉండి తీరాలి. అప్పుడు, ఇదిగో ఇదే, ఇంట్లో దాచిన పేపరు ముక్కలన్నీ కాలిపోయినా కాలనిది ఇదే, స్ట్రాబ్ ఎడమ చొక్కా చేతిని మణికట్టు మీదికి మెల్లగా, కిందికి, బొత్తాం దాకా లాక్కున్నాడు. లాక్కుని గోడ వైపు వేలు చూపి, "గడియారం చూడు," అన్నాడు. అంతే. ప్రొజెక్టరు తిరుగుతూనే ఉంది. తెర మీద క్లీవన్ అర అడుగు ఆగి మాయమవుతున్నాడు, తలుపు దగ్గర క్లీవన్ ఆగి నిలబడే ఉన్నాడు.

మధ్యాహ్నం కోచ్‌ల గదిలో నలుగురు కూర్చున్నారు. ఎమెట్ బల్ల గుద్దాడు, అది మాత్రం నిజం, అట్టముక్క మీద మూడో వాక్యం అదే. "వాడు లేకపోతే శనివారం బంతి ముందుకు కదలదు, కోచ్."

"కదలకపోతే కదలదు. జట్టు నిలబడుతుంది."

"నిలబడి ఏం చేస్తుంది? జాతీయ గీతం పాడుతుందా?" మిగతా ఇద్దరు కోచ్‌లు నేల చూపులు చూశారు. "నడవడి మనం నేర్పవచ్చు. ఆ పరుగు నువ్వూ నేనూ కలిసి వందేళ్ళు నేర్పినా రాదు."

"పరుగు వచ్చినవాడు మూడేళ్ళకొకడు దొరుకుతాడు, ఎమెట్. గడియారాన్ని నమ్మే అరవైమంది ఒక్కసారి చెడితే మళ్ళీ దొరకరు."

మంచి వాక్యం. శత్రువు నోటి నుంచి వచ్చినా మంచి వాక్యమే. దానికి జవాబు కోసం ఎమెట్ ఇరవై నాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలబడి వెతికాడు, త్రిభుజాలు గీస్తూ వెతికాడు, ఆలస్యంగా వచ్చిన పిల్లవాణ్ణి తలుపు బయట నిలబెట్టి, ఆ నిలబెట్టిన చేతిని చూసుకుంటూ వెతికాడు. మిగతా ఇద్దరూ వెళ్ళిపోయాక స్ట్రాబ్ కిటికీ వైపు తిరిగి అడిగాడు: "గడియారం ఎవరు దిద్దారు?" "నేనే." "పది నిమిషాలు వెనక్కి తిప్పు. ఎవరితోనూ అనకు. గోడ తప్పంటే రేపటి నుంచి అరవైమందీ గోడను ప్రశ్నిస్తారు." ఎమెట్ మళ్ళీ స్టూలెక్కాడు. తిప్పాడు. ఎందుకు తిప్పాడు? ప్రతిభ కోసం బల్ల గుద్దిన అదే చెయ్యి కదా. ఈ సంగతి అట్టముక్క మీద లేదు. అట్టముక్క మీద ఆరో వాక్యం ఇలా ఉంటుంది: ఆ ఉదయం ఎవరో గడియారాన్ని పొరపాటున దిద్దారు. ఎవరో. ఆ ఒక్క మాటను ఆయన వారం రోజులు చెక్కాడు. డిసెంబరులో స్ట్రాబ్ ఆయనను తొలగించి, వోగెల్ ప్రతిభను నమ్ముతాడు, మేము నడవడిని నమ్ముతాం అని పేపరుకు చెప్పినప్పుడు కూడా నోరు పెగలకపోవడానికి కారణం ఆ 'ఎవరో'. నిజం చెప్పాలంటే స్టూలు మీద తనను తాను చూపించాలి. ఇంకే కాలేజీ ఆయనను పిలవలేదు. నోరు విప్పనందుకు పగ రెట్టింపైంది, రెట్టింపైన పగ ఇంకా బాగా నోరు మూయించింది. అయితే ఇవాళ మాత్రం కాదు. ఇవాళ ఆ చొక్కా చేతిని అందరి ఎదుటా పైకి లాగుతాడు, 'ఎవరో'ను 'ఎవరో'గానే ఉంచి.

"కోచ్ వోగెల్, ఇక్కడ కూర్చోవచ్చా? ఈ కుర్చీ ఎవరో పెద్దాయనదట."

యాభై మూడేళ్ళ క్లీవన్ ప్రూయిట్, పొట్ట కొంచెం వచ్చింది, కణతల దగ్గర వెండి, భుజం మాత్రం అదే, ఎడమవైపు కాస్త దిగి.

"ఆయన రాలేదు."

"ఆలస్యమన్నమాట. తీసెయ్యండి మరి." క్లీవన్ సెనేటరు గారి కుర్చీలో కూర్చుని, జేబులోంచి ఒక కాగితం తీశాడు. "నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు కోచ్. రాసి కూడా ఇచ్చారు, పాపం, నేనెక్కడ తడబడతానోనని. 'ఆ ఎనిమిది నిమిషాలే నన్ను మనిషిని చేశాయి.' బాగుంది కదూ?"

"అంటావా?"

"ముప్ఫయ్యేళ్ళు గూడ్సు రైలింజను నడిపాను. ఒక్క రోజు ఆలస్యం కాలేదు." సెనేటరు గారి నేప్‌కిన్ మీది నీలి అక్షరాలను బొటనవేలితో రుద్దాడు. "ఆ రోజు కూడా కాలేదు."

గోడ మీద పన్నెండూ నలభై. ఎమెట్ ఫోర్కు కింద పెట్టాడు. చెవుల్లో హాలు దూరమైంది, పళ్ళాల చప్పుడు, మార్వీన్ నవ్వు, బయట మైదానం దగ్గర బ్యాండువాళ్ళు వాద్యాలు సరిచూసుకోవడం, అన్నీ నీళ్ళ అడుగున జరుగుతున్నట్లు.

"నీకు తెలుసా?"

"పాల డబ్బాలు దించి కిటికీ పక్కనుంచి వెళ్తున్నాను. మీరు స్టూలెక్కి గడియారం పెడుతున్నారు, నాలిక కొస పంటి మధ్య పెట్టుకుని, ఎంత శ్రద్ధగానో. తర్వాత తలుపు తీసి ముల్లు చూడగానే అర్థమైంది. నా గడియారం అప్పుడే పెట్టెలో వేశాను. చెయ్యి పెట్టి తీసి చూపిస్తే సరిపోయేది."

"మరి ఎందుకు తియ్యలేదు?"

"తియ్యబోయాను. మీ మొహం చూశాను. పాలకంటే తెల్లగా ఉంది." క్లీవన్ నవ్వాడు, ఆ నవ్వులో కోపం వెతికితే దొరకలేదు. "మా ఇంటికొచ్చి మా అమ్మ చేప తిన్న కోచ్ మీరొక్కరే. గోడ తప్పంటే మొదట పోయేది మీరే కదా."

"ఎలాగూ పోయాను."

"అవును మరి! డిసెంబరులో ఆ సంగతి తెలిసి మా అమ్మ నన్ను ఎంత తిట్టిందో. ఇంతోటి పనికి నోరు మూసుకుని కూర్చున్నావురా వెధవా, ఆయన్నీ నిలబెట్టలేకపోయావు, నువ్వూ నిలబడలేకపోయావు అని." లేచి, కుర్చీని జాగ్రత్తగా లోపలికి తోశాడు. "మీరు ఇవాళ ఏదో చెప్పబోతున్నారని నాకు అనిపిస్తోంది కోచ్. మీ ఇష్టం. నా కోసమైతే మాత్రం అక్కర్లేదు. నేను ఆ రాసిచ్చింది చదవను, అంతే. ఆకలేస్తోంది, ఆ చెర్రీ పళ్ళ 'పై' ఇంకో ముక్క తింటాను."

నా కోసమైతే అక్కర్లేదు. తొమ్మిదో బల్ల వైపు నడిచి వెళుతున్న వీపును ఎమెట్ చూశాడు. ముప్ఫై మూడేళ్ళు ఈ పగ ఎవరి కోసం? అట్టముక్క మీద పదకొండు వాక్యాల్లో ఆ కుర్రవాడి పేరు ఎన్నిసార్లు వచ్చింది? ఒక్కసారి, అదీ ఎనిమిదో వాక్యంలో, సాక్ష్యంగా. స్ట్రాబ్ ప్రసంగంలో పేరు లేదు, తన నిరూపణలో పేరు సాక్ష్యం. ఇద్దరు కోచ్‌లు, ఒకడు నడవడి అని, ఒకడు ప్రతిభ అని, ఒక మనిషిని అటూ ఇటూ లాగారు. నడవడి తలుపు దగ్గర పాల వాసనతో నిలబడి ఉంటే ఇద్దరూ గోడ చూశారు. పద్ధతి సంగతి నేను చూసుకున్నాను. వాళ్ళమ్మ నిజంగానే చూసుకుంది. ఇదే జవాబు, ఇరవై నాలుగేళ్ళు నల్లబల్ల మీద దొరకని జవాబు. ఒంట్లో ఏదో వేడిగా లేచింది. సిగ్గు అనుకున్నాడు, కాని పగ కూడా దాని పక్కనే, చల్లారకుండా, ఇంకా పదునుగా నిలబడి ఉంది. ఇప్పుడు దాని ఎదుట ఒకరు కాదు, ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని ఉన్నారు, వాళ్ళలో ఒకడు తన కోటే తొడుక్కుని ఉన్నాడు. కొట్టాలంటే ఇద్దరినీ కొట్టాలి. ఒక్కణ్ణే కొడితే అది మళ్ళీ చొక్కా చేతిని కిందికి లాక్కోవడమే. సరే. హోలిస్ నోరు తెరవకుండా కూర్చోబెట్టగలిగేది ఆ దెబ్బే. ఎమెట్ స్టూలెక్కాడని ఎమెటే చెప్పిన తరువాత, అబద్ధమనడానికి ఎవడికి దారి ఉంటుంది? తన పరువే ఇప్పుడు తన చేతిలో ఉన్న మంచి ఆయుధం. దాన్ని ఇన్నాళ్ళూ ఎంత పిసినారిగా దాచాడు!

అట్టముక్కను జేబులోంచి తీసి, నిలువునా చించి, బఠాణీల మీద పెట్టాడు. "అయ్యో, ప్రసంగం తినేస్తావా ఏమిటి?" అంది మార్వీన్. గోడ మీద ముల్లు ఒంటిగంటకు చేరి చప్పుడు చేసింది. అధ్యక్షురాలు ఆయన పేరు పిలిచింది. లేచాడు.

"మూడు నిమిషాలు, ఎమెట్!" అన్నాడు స్ట్రాబ్, సభ నవ్వడానికి. సభ నవ్వింది.

ఎమెట్ మైకు ముందు నిలబడి, నవ్వు పూర్తిగా ఆగేదాకా ఆగాడు. తరువాత ఎడమ చెయ్యి ముందుకు చాచి, కోటు చేతిని, చొక్కా చేతిని మోచేతి దాకా పైకి మడిచి, మణికట్టు మీది గడియారం అందరికీ కనిపించేలా పట్టుకున్నాడు. పక్కకు చూడనక్కరలేకపోయింది; కంటి చివరనే కనిపించింది. హోలిస్ స్ట్రాబ్ కుడి చెయ్యి, ఎవరూ అడగకుండానే, తన ఎడమ చొక్కా చేతిని వెతుక్కుంటూ వెళ్ళి, దాన్ని కిందికి లాగుతోంది.

"అధ్యక్షురాలు గారూ, సభికులారా. 1986 అక్టోబరు ఇరవై ఆరు, ఆదివారం ఉదయం, ఈ గోడ గడియారాన్ని తప్పుగా దిద్దినవాణ్ణి నేను. దాన్ని పది నిమిషాలు ఎక్కువ ముందుకు పెట్టాను. ఆ తప్పు అదే ఉదయం తెలిసినవాళ్ళం ముగ్గురం, ముగ్గురమూ ఇప్పుడు ఈ గదిలోనే ఉన్నాం. ఇద్దరం కోచ్‌లం. తెలిసీ, ఎవరి పేరు వాళ్ళం కాపాడుకోవడానికి నోరు మూసుకున్నాం. మధ్యాహ్నం నేనే మళ్ళీ స్టూలెక్కి ముల్లు వెనక్కి తిప్పి, రుజువు చెరిపేశాను. మూడో వ్యక్తి ఇరవయ్యేళ్ళ విద్యార్థి. తొమ్మిదో బల్ల దగ్గరున్న శ్రీ క్లీవన్ ప్రూయిట్, దయచేసి లేచి నిలబడండి. వీరు ఆ ఉదయం జట్టు గది తలుపు దగ్గరికి, స్ట్రాబ్ గారి కాలమానం ప్రకారమే, ఏడూ యాభై ఎనిమిదికి, అంటే రెండు నిమిషాలు ముందుగా వచ్చారనీ; తమ నిర్దోషిత్వం చేతికందే దూరంలో పెట్టెలో ఉండగా, నన్ను కాపాడడం కోసం దాన్ని తీసి చూపకుండా, తమ ఆటను వదులుకుని వెళ్ళిపోయారనీ; నడవడి గురించి, ప్రతిభ గురించి వాదించుకున్న మా అందరిలోనూ ఆ రెండూ ఉన్నవారు వీరొక్కరేననీ, ఈ సభ సమక్షంలో అంగీకరించి, ముప్ఫై మూడేళ్ళు ఆలస్యంగా, వారికి నా కృతజ్ఞత తెలుపుకుంటున్నాను."